రిపోర్టులో మసక, చికిత్సలో తొందర

కడుపునొప్పి గురించి మన దగ్గర ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. స్కానింగ్‌లో కనబడిందంటే జబ్బు తేలినట్టే, తేలిందంటే ఆలస్యం చేయకుండా ఏదో ఒకటి చేయించుకోవాల్సిందే. భూపాలపల్లి ఆస్పత్రి వరండాలో నిలబడినా, పరకాల బస్టాండులో కూర్చున్నా, హన్మకొండ డయాగ్నస్టిక్ సెంటర్ల మెట్లెక్కినా ఇదే మాట వినపడుతుంది. "రిపోర్టుల రాసున్నది గద సార్, ఇంకేం జూస్తున్నరు?" అని డాక్టరును నిలదీసే బంధువుకు రోగి మీద ప్రేమే తప్ప దురుద్దేశం లేదు. రోగిని వెంటబెట్టుకుని పట్నం తీసుకుపోయే ఆర్‌ఎంపీకీ అదే నమ్మకం. కొందరు స్పెషలిస్టులు సైతం ఆ ఒత్తిడికి తలవంచుతున్నారు. ఈ నమ్మకం తప్పు. అది మన పేదల కడుపుల మీద అక్కరలేని కోతలు పెట్టిస్తోంది, అక్కరలేని మందులు మింగిస్తోంది, అక్కరలేని భయాన్ని ఇంటికి మోసుకెళ్లేలా చేస్తోంది. ఒక అరుదైన జబ్బును సాక్ష్యంగా నిలబెట్టి ఆ సంగతి చెబుతాను.

మేక బోటి కడిగినవాళ్లకు ఆ పొర తెలుసు. పేగు వెంట విసనకర్రలా పరుచుకుని, మధ్యమధ్య సన్నని రక్తనాళాలతో ఉండే కొవ్వు పొర. మనిషి కడుపులోనూ అలాంటిదే ఉంటుంది. చిన్నపేగును వెనక గోడకు పట్టి ఉంచేది అదే, పేగుకు రక్తం అందించే నాళాలు పోయేది దాని గుండానే, లింఫు గ్రంథులు ఉండేదీ అందులోనే. వైద్యులు దాన్ని మెసెంటరీ అంటారు. ఆ పొరలోని కొవ్వు ఫలానా కారణమని చెప్పలేని రీతిలో వాచిపోవడాన్ని మెసెంటెరిక్ పానిక్యులైటిస్ అంటారు. కొద్దిమందిలో ఆ వాపు ముదిరి, కొవ్వు గట్టిపడి, మచ్చకట్టి, చుట్టూ ఉన్న పేగునూ నాళాలనూ లాగి ముడుస్తుంది. అప్పుడు దాన్ని స్క్లీరోజింగ్ మెసెంటెరైటిస్ అంటారు. 1924లో ఇటలీకి చెందిన యూరా అనే వైద్యుడు దీన్ని మొదట వర్ణించాడు. తర్వాత దశాబ్దాల పాటు ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. 1997లో అమెరికా పాథాలజిస్టులు 84 మంది నుంచి తీసిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, ఈ పేర్లన్నీ ఒకే జబ్బు దశలని తేల్చారు.

ఎక్కువగా యాభై దాటినవాళ్లలో, ఆడవాళ్లకన్నా మగవాళ్లలో కనబడుతుంది. నొప్పి, ఉబ్బరం, వికారం, విరేచనాలు లేదా మలబద్ధకం, బరువు తగ్గడం, అప్పుడప్పుడు జ్వరం దీని లక్షణాలు. వీటిలో ఈ జబ్బుకు మాత్రమే సొంతమైనది ఒక్కటీ లేదు. పైగా ఈ మార్పు ఉన్నవాళ్లలో చాలామందికి ఏ బాధా ఉండదు. కిడ్నీ రాయి కోసమో, దెబ్బ తగిలిందనో తీసిన సీటీలో అనుకోకుండా బయటపడుతుంది. మన చర్చకంతటికీ మూలం ఈ సంగతే.

ఇక ఆ నమ్మకం చుట్టూ అల్లుకున్న వాదాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి వాదం: స్కాన్ అబద్ధం చెప్పదు. నిజమే, సీటీ యంత్రం అబద్ధం చెప్పదు. అది నీడలను చూపుతుంది, ఆ నీడలకు కారణం చెప్పదు. పేగు పొరలోని కొవ్వు మామూలుకన్నా మసకగా కనబడితే రేడియాలజిస్టు "మిస్టీ మెసెంటరీ" అని రాస్తాడు. 1990లలో వాడుకలోకి వచ్చిన ఈ మాట ఒక జబ్బు పేరు కాదు, చూసినదాని వర్ణన. గుండె నీరసించి ఒంట్లో నీరు చేరినా ఆ మసక వస్తుంది. లివర్ గట్టిపడినా, కిడ్నీలు దెబ్బతిన్నా, రక్తంలో ఆల్బుమిన్ తగ్గినా వస్తుంది. పాంక్రియాస్ వాచినా, కడుపు లోపల రక్తస్రావం జరిగినా, ఈమధ్యే ఆపరేషన్ అయినా వస్తుంది. క్షయ పట్టినా, లింఫు గ్రంథుల క్యాన్సర్ అయిన లింఫోమా మొదలైనా వస్తుంది. వీటన్నింటినీ పక్కన పెట్టాక మిగిలేదే మెసెంటెరిక్ పానిక్యులైటిస్. అంటే ఆ పేరు చివర రావాల్సినది, మనం దాన్ని మొదటే తగిలిస్తున్నాం.

ఇంకో లెక్క చూడండి. గ్రీసు దేశంలోని క్రీట్ ద్వీపంలో 7,620 మంది కడుపు సీటీలను పరిశీలించి 2000లో అచ్చువేసిన అధ్యయనంలో ఈ జబ్బు 49 మందిలో, అంటే 0.6 శాతంలో కనబడింది. 2011లో బెల్జియం రేడియాలజిస్టు కూలియే 613 మంది సీటీలను మరింత నాణ్యమైన యంత్రంతో, మరింత నిశితంగా చూస్తే 7.8 శాతంలో కనబడింది. పదమూడు రెట్ల తేడా! జబ్బు పదేళ్లలో పదమూడు రెట్లు పెరిగిందని దీనికి అర్థం కాదు. యంత్రం మెరుగైంది, వెతికే కన్ను మారింది. ఆ కూలియే పెట్టిన గుర్తులు అయిదు. పక్కనున్న పేగులను కొంచెం నెడుతున్న కొవ్వు ముద్ద, చుట్టూ ఉన్న కొవ్వుకన్నా ఎక్కువ సాంద్రత, లోపల చిన్న చిన్న గ్రంథులు, ఆ గ్రంథుల చుట్టూ మామూలు కొవ్వు వలయం, మొత్తం ముద్ద చుట్టూ సన్నని గీతలాంటి పొర. వీటిలో కనీసం మూడుంటేనే ఆ పేరు వాడమన్నాడు. మీ చేతికొచ్చిన రిపోర్టులో ఈ అయిదింటిలో ఎన్ని ఉన్నాయో రాసి ఉందా? లేకపోతే అడగండి. ఆ మాట అడగడం డాక్టరును అవమానించడం కాదు.

అసలు రిపోర్టు తనకున్న పరిమితిని తానే ఒప్పుకుంటుంది. దాదాపు ప్రతి స్కాన్ రిపోర్టు చివరా ఒక వాక్యం ఉంటుంది: రోగి లక్షణాలతో సరిపోల్చి చూడాలని. ఎవరూ చదవని వాక్యం అది. నా దృష్టిలో రిపోర్టులో అన్నిటికన్నా విలువైన వాక్యం కూడా అదే. రేడియాలజిస్టు చీకటి గదిలో బొమ్మను చూస్తాడు, మనిషిని చూడడు. రెఫరల్ చీటీ మీద "కడుపునొప్పి" అన్న ఒక్క మాట రాసి పంపితే, ఆయనకు రోగి వయసు తప్ప ఇంకేం తెలుస్తుంది? బరువు ఎంత తగ్గాడు, సాయంత్రం జ్వరం వస్తుందా, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా, ముందు ఏ ఆపరేషన్ అయింది, పాత స్కాన్ ఉందా? ఇవి రాసి పంపితే రిపోర్టు విలువ రెట్టింపవుతుంది. రాయడానికి పట్టేది రెండు నిమిషాలు.

రెండో వాదం: వాపే కదా, స్టెరాయిడ్ మొదలుపెడితే పోతుంది. ఈ వాదంలో సగం నిజం ఉంది, అందుకే ఇది ఎక్కువ ప్రమాదకరం. బాధ నిజంగా ఉన్న కొందరు రోగులకు స్టెరాయిడ్ పనిచేస్తుంది. కానీ మనం ఎక్కడ ఉన్నామో మరిచిపోకూడదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ ఊపిరితిత్తులకే పరిమితం కాదు. పేగుకూ పడుతుంది, పేగు పొరకూ పడుతుంది, అక్కడి లింఫు గ్రంథులకూ పడుతుంది. సీటీలో దాని నీడ ఈ జబ్బు నీడను పోలి ఉండవచ్చు. భూపాలపల్లి బొగ్గు ఊరు. గనుల్లో రాతి దుమ్ముతో పాటు సిలికా పీల్చినవాళ్లకు క్షయ ముప్పు మామూలువాళ్లకన్నా ఎక్కువని వైద్యశాస్త్రం ఎప్పుడో రుజువు చేసింది. అలాంటి మనిషికి క్షయ లేదని తేల్చకుండా స్టెరాయిడ్ ఇస్తే, మొదటి వారం ఆకలి పెరుగుతుంది, నొప్పి తగ్గుతుంది, ఇల్లంతా సంతోషిస్తుంది. లోపల క్షయ మాత్రం అడ్డు లేకుండా పాకుతుంది.

లింఫోమా విషయంలోనూ అంతే. స్టెరాయిడ్‌కు లింఫోమా గడ్డలు తాత్కాలికంగా కరుగుతాయి. ఆ తర్వాత బయాప్సీ చేస్తే అసలు జబ్బు చిక్కకపోవచ్చు. పానిక్యులైటిస్ అనుకుని తొందరపడి వేసిన గోలీలు క్యాన్సర్‌ను నెలల తరబడి దాచిపెట్టగలవు. షుగర్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ చేసే చెరుపు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే వరుస ముఖ్యం. ముందు రక్త పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష, అనుమానం ఉన్నచోట బయాప్సీ. వాటి తర్వాతే స్టెరాయిడ్. ఈ వరుసను తిరగేసి రాసే చీటీ ఎంత పేరున్న డాక్టరుదైనా తప్పే.

మూడో వాదం: తీసేస్తే పీడ పోతుంది. ఇది మన ప్రాంతంలో అన్నిటికన్నా బలమైన వాదం, అందుకే దీన్ని కొంచెం నిదానంగా ఖండించాలి. పానిక్యులైటిస్ పట్టిన కొవ్వు ఒక గడ్డలా విడిగా ఉండదు. పేగుకు రక్తం పోసే నాళాల చుట్టూ అల్లుకుని ఉంటుంది. దాన్ని పూర్తిగా కోసి తీయబోతే ఆ నాళాలు తెగుతాయి. నాళం తెగితే అది పోషించే పేగు చచ్చిపోతుంది. కాబట్టి దీన్ని మొత్తంగా తీసేయడం చాలావరకు సాధ్యం కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ తమ దగ్గర చూసిన 92 మంది రోగుల అనుభవాన్ని 2007లో ప్రచురించింది. వారిలో దాదాపు సగం మందికి ఏ చికిత్సా ఇవ్వలేదు. మందులు వాడినవారిలో స్టెరాయిడ్‌తో పాటు టామోక్సిఫెన్ అనే మందు తీసుకున్న 20 మందిని చూస్తే, అయిదుగురిలో ముగ్గురి చొప్పున మేలు కనబడింది. కేవలం ఆపరేషన్‌తో మేలు పొందినవారు చాలా తక్కువ. పేగు మూసుకుపోయినప్పుడు, పేగుకు రక్తం ఆగినప్పుడు, బయాప్సీకి వేరే దారి లేనప్పుడు సర్జన్ కావాలి. ఆ మూడు చోట్ల సర్జన్ చేయి ప్రాణం నిలబెడుతుంది, దానికి చేతులెత్తి మొక్కాలి. కానీ నొప్పి ఉంది, స్కాన్‌లో మసక ఉంది, కాబట్టి తెరుద్దాం అనడం శస్త్రచికిత్స కాదు, జూదం.

ఈ కోత తొందర ఒక్క ఈ జబ్బుకే పుట్టింది కాదు. కడుపులో ఏ నొప్పి వచ్చినా ఏదో ఒక అవయవాన్ని దోషిగా నిలబెట్టి తీసేయడం తెలుగు నేలకు పాత అలవాటు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 3.2 శాతం మందికి గర్భసంచి తీసేశారు. అదే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మన ఆడవాళ్ల గర్భసంచులు దేశంలోని ఆడవాళ్లకన్నా రెండింతలు మూడింతలు చెడిపోయాయా? లేదు. నడుంనొప్పికీ, తెల్లబట్టకూ, పొత్తికడుపు నొప్పికీ అదే మందు అని మనం నమ్మాం, మనల్ని నమ్మించారు. అక్కరలేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. కాన్పుల సంగతీ చూడండి. 2019-20 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. ప్రైవేటు ఆస్పత్రుల్లో అది 81.5 శాతం. కత్తి ఇంత చవకైన చోట ఒక అరుదైన జబ్బు మసక నీడగా బయటపడితే దాని గతి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

నాలుగో వాదం: ఇది క్యాన్సర్‌కు ముందుమెట్టు. ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. నేను పైన చెప్పిన క్రీట్ అధ్యయనంలో 49 మందిలో 34 మందికి ఏదో ఒక క్యాన్సర్ ఉంది. ఆ సంఖ్య చూసినవాళ్లకు గుండె జారడం సహజం. కానీ క్యాన్సర్ ఉన్నవాళ్లకే సీటీలు ఎక్కువగా తీస్తారు. ఎక్కువ తీసినచోట ఎక్కువ కనబడుతుంది. ఆ తర్వాత ఒకే వయసు, ఒకే లింగం వారిని జతలుగా పెట్టి పోల్చిన పరిశీలనల్లో ఆ సంబంధం ఒకే తీరుగా నిలవలేదు. కొన్నింటిలో కరిగిపోయింది, కొన్నింటిలో లింఫోమా వరకు మిగిలింది. కాబట్టి భయమూ వద్దు, నిర్లక్ష్యమూ వద్దు. లోపలి గ్రంథి ఒక సెంటీమీటరు దాటి ఉంటే, పేగు పొరకు బయట కూడా గ్రంథులు పెరిగి ఉంటే, బరువు కారణం లేకుండా తగ్గుతుంటే, రాత్రి చెమటలు పడుతుంటే మరింత లోతుగా వెతకాలి. ఇవేవీ లేని మనిషికి "క్యాన్సర్ కావచ్చు" అన్న మాట చెవిలో వేసి పంపడం వైద్యం కాదు. ఆ మాట విన్న ఇల్లు ఎన్ని రాత్రులు నిద్రపోదో ఆ మాట అన్నవాళ్లకు తెలియాలి.

అయిదో వాదం డాక్టర్లది కాదు, మన ఇళ్లలోది. కడుపులో కొవ్వు వాచిందంటే నూనె, నెయ్యి, మాంసం మానేయాలి, పొట్ట మాడ్చాలి అని. ఆహారంలోని కొవ్వు మానితే ఈ జబ్బు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. సన్నగా ఉన్నవాళ్లకూ ఇది వస్తుంది. ఉబ్బరం ఉన్నవాళ్లు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటే, పడని తిండి తగ్గిస్తే సుఖంగా ఉంటుంది, అంతవరకే. అసలే బరువు తగ్గుతున్న మనిషిని పథ్యం పేరుతో గంజికి పరిమితం చేస్తే జబ్బు చేయని నష్టం మనం చేసినట్టవుతుంది. గుడ్డు, పప్పు, పాలు మాన్పించకండి.

ఇప్పుడు ఆరో వాదం. ఇది అన్నిటికన్నా నిజాయితీగల వాదం, దీన్ని చెప్పేవాళ్లలో మంచి డాక్టర్లూ ఉన్నారు. "వేచి చూడడం డబ్బున్నవాళ్ల వైద్యం. హైదరాబాద్ మనిషి ఆరు నెలలకు మళ్లీ వస్తాడు. పలిమెల నుంచి, మహాదేవపూర్ నుంచి వచ్చిన కూలి మనిషి మళ్లీ రాడు. చేతికి చిక్కినప్పుడే ఏదో ఒకటి చేసి పంపాలి." ఈ మాటలోని ఆవేదన నాకు అర్థమవుతుంది. పలిమెల నుంచి భూపాలపల్లికి రావడమే ఒక ప్రయాణం, అక్కడి నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి ఇంకో డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒక్క చూపుకు ఒక రోజు కూలి, ఇద్దరి చార్జీలు, ఇంటి దగ్గర పశువులు. కానీ ఆ ఆవేదన నుంచి వాళ్లు తీసే ముగింపు తప్పు. రోగి మళ్లీ రాలేడు కాబట్టి ఇప్పుడే కోద్దాం అంటే, దూరానికి మందుగా కత్తిని రాసినట్టు. కోసిన తర్వాత కుట్లు చీము పడితే, అతుకులు పడి పేగు చుట్టుకుంటే అదే మనిషి అదే దూరం ఎన్నిసార్లు రావాలి?

దూరానికి అసలు మందు వైద్యాన్ని దగ్గరికి తేవడం. అది ఇప్పుడు సాధ్యమే. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామలోనూ భూపాలపల్లిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. భూపాలపల్లిలో సింగరేణి ఏరియా ఆస్పత్రి ఎప్పటినుంచో ఉంది. ఈ జబ్బును కనిపెట్టుకుని ఉండడానికి ఏం కావాలో చూడండి. రోగిని ఎరిగిన ఒక ఫిజీషియన్, బరువు తూచే ఒక మిషను, హిమోగ్లోబిన్, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆల్బుమిన్ వంటి రక్త పరీక్షలు, నొప్పి పెరిగిందా తగ్గిందా అని అడిగే ఓపిక. వీటిలో హైదరాబాద్‌లో మాత్రమే దొరికేది ఏది? బాధ లేని మనిషికి ఊరికే సీటీ మీద సీటీ తీయనక్కర్లేదు. కడుపు సీటీ ఒక్కటి తీస్తే ఒంటికి చేరే రేడియేషన్, మామూలుగా ప్రకృతి నుంచి మూడేళ్లలో చేరేదానికి దాదాపు సమానం. లక్షణాలు మారినప్పుడు, లేదా మొదటి స్కాన్‌లో అనుమానం మిగిలినప్పుడు, చెప్పిన గడువులో తీస్తే చాలు.

మందుల ఖరీదు మాటా చెప్పాలి, ఎందుకంటే అరుదైన జబ్బు అనగానే మనవాళ్లకు లక్షల ఇంజెక్షన్లే గుర్తొస్తాయి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం ప్రధానంగా పుట్టుకతో వచ్చే, జన్యుపరమైన జబ్బులను ఉద్దేశించింది. ఆ నిధి మీద ఈ రోగి ఆశ పెట్టుకోనక్కర్లేదు. బాధ ఉన్నవాళ్లకు మొదట వాడే ప్రెడ్నిసొలోన్, టామోక్సిఫెన్, కోల్చిసిన్ దశాబ్దాల నాటి మందులు, జెనరిక్‌గా తక్కువ ధరకు దొరికేవి. అవి పనిచేస్తున్నాయో లేదో వారాల్లో తేలదు, నెలలు పడుతుంది. టామోక్సిఫెన్‌తో రక్తం గడ్డకట్టే ముప్పుంది, స్టెరాయిడ్‌తో షుగర్, ఎముకల ముప్పుంది. ఈ జబ్బుకు పెద్ద ఎత్తున పోల్చి చేసిన మందుల పరీక్షలు లేవు కాబట్టి ఎవరికి, ఎంతకాలం అన్నది డాక్టరు, రోగి కలిసి ఆలోచించి నిర్ణయించాలి. ఇక్కడ నేను డోసు రాయను. పత్రిక చదివి వేసుకునే మందులు కావివి. చెప్పదలిచింది ఒక్కటే: ఈ జబ్బుకు ఖరీదైనది మందు కాదు, శ్రద్ధ.

మన వ్యవస్థ ఆ శ్రద్ధకు మాత్రం డబ్బు చెల్లించదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షల మందిని అప్పుల నుంచి కాపాడింది. 2023 డిసెంబరులో తెలంగాణ దాని పరిమితిని 10 లక్షలకు పెంచింది. ఈ పథకం మీద నాకు గౌరవం ఉంది, ఆ గౌరవంతోనే ఈ మాట అంటున్నాను. అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు ప్యాకేజీ కట్టి ఇస్తుంది. కడుపు తెరిస్తే బిల్లు ఉంటుంది. రోగిని కూర్చోబెట్టి అరగంట మాట్లాడి, ఏమీ చేయనక్కర్లేదని ధైర్యం చెప్పి, మూడు నెలలకు మళ్లీ రమ్మని పంపిన ఫిజీషియన్‌కు ఏ బిల్లూ లేదు. డబ్బు ఎటు ప్రవహిస్తే వైద్యం అటు నడుస్తుంది. దీర్ఘకాలం కనిపెట్టుకుని చూసే వైద్యానికీ విలువ కట్టనంత కాలం, కోత తొందర గురించి డాక్టర్ల నీతిని మాత్రమే తప్పుపట్టడం అన్యాయం.

చివరి వాదం: ఇంత అరుదైన జబ్బు గురించి భూపాలపల్లిలో ఎందుకు మాట్లాడాలి? ఎందుకంటే సీటీ స్కాన్ అరుదు కాదు. ఎన్ని సీటీలు తీస్తే అన్ని మసకలు బయటపడతాయి. వాటిలో నిజమైన పానిక్యులైటిస్ కొన్నే ఉండవచ్చు. కానీ ఆ కొన్నింటిని గుర్తుపట్టే క్రమశిక్షణే మిగతావాళ్లలోని క్షయను, లింఫోమాను, గుండె జబ్బును కూడా పట్టిస్తుంది. అరుదైన జబ్బును సరిగ్గా చూడగలిగిన ఆస్పత్రి మామూలు జబ్బును తప్పుగా చూడదు.

ఇదంతా చదివి ఎవరూ నిజమైన ప్రమాదాన్ని ఇంట్లో దాచుకోకూడదు. నొప్పి ఆగకుండా పెరుగుతుంటే, వాంతులవుతూ గాలీ మలమూ పోకుండా కడుపు ఉబ్బితే, మలంలో రక్తం పడితే, చలిజ్వరంతో కడుపు రాయిలా గట్టిపడితే ఒక్క గంట కూడా ఆగకండి. అపెండిక్స్ పగిలినా, పేగు మెలిక పడినా సర్జనే దిక్కు, అక్కడ వేచి చూడడమే నేరం. నేను వద్దంటున్నది అత్యవసర శస్త్రచికిత్సను కాదు. అత్యవసరం లేనిచోట అత్యవసరాన్ని పుట్టించడాన్ని.

కాబట్టి అడగవలసినవాళ్లను అడుగుతున్నాను. ఆర్‌ఎంపీ మిత్రులారా, మీ మీద పల్లెకు నమ్మకం ఉంది. కడుపునొప్పికి తెలియని స్టెరాయిడ్ సూది వేయకండి, కమీషన్ ఇచ్చే సెంటరుకు కాక సరైన డాక్టరు దగ్గరికి పంపండి. ఫిజీషియన్లారా, సర్జన్లారా, రెఫరల్ చీటీ మీద రోగి కథ రాయండి, రిపోర్టు చేతికొచ్చాక రేడియాలజిస్టుతో ఒక్కసారి ఫోనులో మాట్లాడండి. మసక కనబడిన ప్రతి రోగికీ ముందు క్షయ సంగతి తేల్చండి. ప్రభుత్వమా, భూపాలపల్లి వంటి కొత్త వైద్య కళాశాలలను ఎంజీఎం, హైదరాబాద్ నిమ్స్ నిపుణులతో కలిపి, అర్థంకాని కడుపు స్కాన్లను నలుగురు కలిసి చూసే ఏర్పాటు చేయి. కనిపెట్టుకుని చూసే వైద్యానికి పథకంలో చోటివ్వు.

రోగులారా, వారి బిడ్డలారా, మీకూ హక్కులున్నాయి. అడిగిన 72 గంటల్లో మీ వైద్య రికార్డులు మీకివ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతిని అవయవం తీసేయడానికి వాడుకోరాదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సంతకం పెట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఏ జబ్బు అని అంటున్నారు? ఇంకేమేం కావచ్చు, వాటిని ఎలా తోసిపుచ్చారు? ఇప్పుడు ఏమీ చేయకపోతే ఏమవుతుంది? చేస్తే ఏం నష్టం రావచ్చు? వీటికి ఓపికగా జవాబు చెప్పే డాక్టరు దొరికితే ఆయన్నే నమ్మండి, ఆయన ఆగమంటే ఆగండి, ఆయన చెప్పిన తేదీకి మళ్లీ వెళ్లండి. జవాబు చెప్పకుండా తొందరపెట్టే చోట సంతకం పెట్టకండి. ఫిల్ములు, రిపోర్టులు చేతిలోకి తీసుకుని రెండో డాక్టరు దగ్గరికి వెళ్లండి.